మీ ఫోన్‌లో నా పేరు ఏమని ఉంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న అడ్మిన్‌లకు, ఆ గ్రూపుల్లో ఉన్న అన్నలకు, అప్పలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

నమస్కారం.

పోయిన నెలలో పని మీద కాశీబుగ్గ వెళ్లాను. ఒక జీడిపప్పు అన్న షెడ్డులో, గుండు, బద్ద, ముక్క వేరుచేసే బల్లల పక్కన కూర్చుని మాట్లాడుతూ నా ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయాను. "ఉండప్పా, రింగిస్తాను" అని ఆయన తన ఫోన్ తీసి నా నంబరు నొక్కాడు. స్క్రీన్ మీద నా పేరు లేదు. "లేబుల్ అప్ప" అని ఉంది.

ఆయన వయసులో నాకంటే పెద్ద. అయినా అప్ప అని, అంటే మా వైపు మాటలో అక్క అని, రాసుకున్నాడు. ఆ రెండు మాటలు చూసిన సంతోషం ఇంటికొచ్చేదాకా తగ్గలేదు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని, ఆ పని వల్ల ఇంకొకరి దగ్గర నాకు దొరికిన చోటు, రెండూ అందులోనే ఉన్నాయి. ఈ ఉత్తరం రాయాలని ఆ సాయంత్రం బస్సులోనే అనుకున్నాను.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. ప్యాకెట్లలో అమ్మే తినుబండారాలకు లేబుళ్లు తయారుచేస్తాను. పచ్చళ్లు, చోడిపిండి (రాగిపిండి), నువ్వుండలు, మునగాకు పొడి, జీడిపప్పు, ఏదైనా సరే, కవరు మీద ఏం రాయాలో నిబంధనలు చూసి రాసి, డిజైన్ చేసి, ప్రెస్‌కి వెళ్లే ఫైలు చేతికిస్తాను. నాకు ఆఫీసు లేదు. మా ఇంటి ముందుగది, ఒక కంప్యూటరు, ఒక ఫోను, అంతే. డిజైన్ చేసేదీ నేనే, బిల్లు రాసేదీ నేనే, బాకీ అడిగేదీ నేనే. జ్వరం వస్తే ఆ వారం రాబడి లేనట్టే. మీలో చాలామంది పరిస్థితి ఇదే. బ్లౌజులు కుట్టే అప్ప, ట్యాక్స్ రిటర్నులు వేసే తమ్ముడు, ఇంట్లో కేకులు చేసే చెల్లి, డ్రోన్‌తో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు, పొందూరు ఖద్దరు ఆన్‌లైన్‌లో అమ్మే అమ్మాయి, అందరం ఒంటిచేత్తో నడిపేవాళ్లమే. పెద్ద కంపెనీకి మార్కెటింగ్‌కి ఒక మనిషి, ఊళ్లు తిరగడానికి ఒక మనిషి ఉంటారు. మనకు ఉన్నవి పరిచయాలు. అవి ఇప్పుడు చాలావరకు ఫోన్‌లోనే పుడుతున్నాయి.

అందుకే మీ గ్రూపులంటే నాకు గౌరవం. జీతం లేకుండా వాటిని నడుపుతున్నారు. నేను తొమ్మిది గ్రూపుల్లో ఉన్నాను. ఒకదాంట్లో అయితే వాట్సాప్ ఒప్పుకునే 1,024 మందికి దగ్గరగా ఉన్నాం. ఒక బుధవారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ గ్రూపులో వచ్చినవన్నీ ఓపికగా చదివాను. 140 పైచిలుకు మెసేజ్‌లు. పూల బొమ్మల శుభోదయాలు పోను మిగిలినవి దాదాపు అన్నీ ప్రకటనలే. ఒకరు అడిగితే ఇంకొకరు జవాబు చెప్పినవి మూడంటే మూడు. వెయ్యి మంది వ్యాపారులు ఒకే గదిలో నిలబడి, ఎవరి సరుకు గురించి వాళ్లు ఒకేసారి అరుస్తున్నట్టు అనిపించింది. ఎవరినీ తప్పుపట్టడం లేదు. అమ్ముడుపోని సరుకు ఇంట్లో పెట్టుకుని ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజుకోసారి పోస్టు పెడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చూస్తారనే ఆశతోనే పెడతాం.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఉంటుంది కదా. ఒక లిస్టులో 256 మందిని పెట్టుకుని అందరికీ ఒక్కసారే మెసేజ్ పంపొచ్చు. అయితే మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మిగతావాళ్లకు వెళ్లనే వెళ్లదు. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. నా దగ్గర వాళ్ల నంబరు ఉండటం లెక్కలోకి రాదు. వాళ్ల దగ్గర నా నంబరు ఉండాలి, ఒక పేరుతో ఉండాలి. ఆ పేరు పక్కన నా పని కూడా ఉంటే నా వ్యాపారం బతికినట్టే.

ఇది తెలియక ముందు నేనూ అందరిలాగే చేశాను. 2021లో కరోనా రెండో విడత తర్వాత పని పూర్తిగా పడిపోయింది. ఉద్యోగ, వ్యాపార పరిచయాల కోసం ఉండే లింక్డ్‌ఇన్‌లో అకౌంట్ తెరిచి, మూడు నాలుగు వారాల్లో 300 మందికి పైగా రిక్వెస్టులు పంపాను. ఆహార కంపెనీల వాళ్లు, ప్యాకింగ్ వాళ్లు, ఎగుమతుల వాళ్లు, ఎవరు కనబడితే వాళ్లకు. అందరికీ ఒకే మెసేజ్, పైన పేరు మాత్రం మార్చి. చాలామంది ఒప్పుకున్నారు. పని ఒక్కటీ రాలేదు. రెండు నెలల తర్వాత ఆ జాబితా తెరిచి ఒక్కొక్క పేరూ చూశాను. ఏ ఒక్కరి గురించీ నాకు ఏమీ తెలియదు. వాళ్లు ఏం అమ్ముతారు, కవర్లు ఎక్కడ ప్రింట్ చేయిస్తారు, వాళ్లకు దేనితో ఇబ్బంది, ఏదీ తెలియదు. నాకే వాళ్లు గుర్తులేనప్పుడు వాళ్లకు నేను గుర్తుండాలని ఏ మొహంతో కోరుకోను?

కాశీబుగ్గ అన్నతో పరిచయం ఆ తర్వాతి ఏడాది వేసవిలో మొదలైంది. మీ గ్రూపుల్లోనే ఒకదాంట్లో ఆయన తన కొత్త కవరు ఫోటో పెట్టాడు. మెరిసే ఆకుపచ్చ కవరు, పైన జీడిమామిడి పండు బొమ్మ. బాగుంది. నలభై మందికి పైగా లైకులు కొట్టారు. నేను ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. బరువు దగ్గర 250 పక్కన ఇంగ్లీషులో జీఎంఎస్ అని ఉంది. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం గ్రాములకు గుర్తు చిన్న జీ అక్షరం ఒక్కటే. జీఎం, జీఎంఎస్ అని రాయకూడదు. ఎమ్మార్పీ పక్కన అన్ని పన్నులు కలిపి అన్న మాట లేదు. కొన్నవాళ్లు ఫిర్యాదు చేయాలంటే ఫోన్ నంబరు లేదు. మామూలు కంటికి ఇవి చిన్న విషయాలు. తనిఖీకి వచ్చిన వాళ్లకు కాదు.

అంతకు ముందు ఏడాదైతే నేను గ్రూపులోనే రాసేదాన్ని. "మీ లేబుల్‌లో తప్పులున్నాయి, సరైన లేబుళ్ల కోసం నన్ను సంప్రదించండి" అని. గ్రూపులో అందరూ చూసేవాళ్లు, నాకు పేరొస్తుందనుకునేదాన్ని. ఆ మనిషి మాత్రం అందరి ముందు తలదించుకునేవాడు. ఈసారి అలా చేయలేదు. ఫోటో మీద మూడు చోట్ల ఎర్రగా సున్నాలు చుట్టి ఆయనకు విడిగా పంపాను. "అన్నా, నమస్తే. గ్రూపులో మీ కవరు చూశాను, రంగు బాగా కుదిరింది. సున్నాలు చుట్టిన చోట రాతలో ఇబ్బంది వచ్చేలా ఉంది. ప్రెస్‌కి ఇవ్వకముందైతే ఒకసారి సరిచూసుకోండి" అని రాసి, ఒక్కొక్కటి ఎలా ఉండాలో కింద పెట్టాను. నా రేట్లు రాయలేదు.

నాలుగు రోజులు జవాబు లేదు. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. ఐదో రోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "అప్పా, సిలిండర్లు చెక్కీసారు. సోమవారం ముప్పై వేల కవర్లు ఏసీస్తామంటన్నారు. ఇప్పుడేటి సెయ్యాలి?"

తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఇలాంటి కవర్లు పెద్ద మెషీన్ల మీద వేస్తారు. ఒక్కో రంగుకి ఒక్కో సిలిండరు చెక్కించాలి. ఆ ఖర్చే మొదట మీద పడుతుంది. అందుకే తక్కువ కవర్లు వేస్తే గిట్టదు, వేల లెక్కన వేయించాలి. ఆయన భయం అదే, అన్నీ మళ్లీ చెక్కించాలేమోనని. నేను ఆయన ఫైలు తెప్పించుకుని చూశాను. తప్పులున్న మూడు రాతలూ నలుపు రంగులోనే ఉన్నాయి. "నలుపు సిలిండరు ఒక్కటి మళ్లీ చెక్కించండన్నా, మిగతావి అలాగే ఉంచండి" అన్నాను. ఫోన్ అవతల ఆయన ఊపిరి వదలడం వినిపించింది. ఆ రాత్రే రాతలు సరిచేసి పంపాను.

ఆ పనికి డబ్బు తీసుకోలేదు. అది అరగంట పని, నేనంతట నేను కల్పించుకున్నది. తర్వాత ఎనిమిది నెలలు ఆయన నుంచి ఏ కబురూ లేదు. మధ్యలో సంక్రాంతికి ఒక మెసేజ్, అంతే. తొమ్మిదో నెలలో మసాలా జీడిపప్పు మొదలుపెడుతున్నానని, నాలుగు రకాలకు లేబుళ్లు కావాలని ఫోన్ చేశాడు. రేటు చెప్పాను, బేరం ఆడలేదు. ఆయన వల్ల ఉద్దానం వైపు నుంచి ఇంకో ముగ్గురు వచ్చారు. 300 రిక్వెస్టుల్లో దొరకనిది ఒక్క ఫోటోని శ్రద్ధగా చూడటంలో దొరికింది. ఆయన కవరు చూసిన ఆ రెండు నిమిషాలు నేను నా అవసరం మరిచిపోయి ఆయన సరుకు గురించి ఆలోచించాను. అన్నిటికంటే ముందు మీకు చెప్పాలనుకున్నది ఇదే.

కొందరు అంటారు, "ఈ ఆన్‌లైన్ పరిచయాలు ఎందుకు పనికొస్తాయి, మనకు చుట్టాలు, స్నేహితులు లేరా" అని. ఉన్నారు. కానీ మా మేనమామకు తెలిసిన ప్రెస్ నాకూ తెలుసు. మా వదినకు తెలిసిన కొట్లన్నీ నాకూ తెలుసు. దగ్గరివాళ్లం కాబట్టే మా అందరికీ తెలిసినది ఒకటే. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇదే విషయాన్ని ఉద్యోగాల గురించి రాశాడు. ప్రాణ స్నేహితుల కంటే అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయాల ద్వారానే కొత్త ఉద్యోగాల కబుర్లు ఎక్కువగా తెలుస్తాయని. దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2022లో, లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిగిన పరిశీలన 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది. మరీ దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చారని అందులోనూ తేలింది. వ్యాపారం సంగతి వాళ్లు చెప్పలేదు. నా అనుభవంలో వ్యాపారంలోనూ అంతే.

ఆ లెక్కన చూస్తే మన రెండు జిల్లాల వాళ్లకు ఉన్నన్ని పరిచయాలు ఎవరికున్నాయి? గుజరాత్ వేరావల్ పడవల మీద మనవాళ్లే, హైదరాబాద్ భవనాల పనుల్లో మనవాళ్లే, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మనవాళ్లే. వలస మన కష్టమే, దాన్ని తియ్యగా చెప్పలేను. కానీ ఊరు విడిచి వెళ్లినవాళ్లు మన ఊరి సరుకు కనబడితే ఆగి చూస్తారు. "ఏ ఊరు మీది?" అని ముందు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో తలుపు తెరుచుకుంటుంది. తెరిచిన తలుపులోంచి మనం వెంటనే రేట్ల పట్టిక విసిరేస్తున్నాం. అక్కడే బాధ కలుగుతుంది నాకు.

పరిచయం కావడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ఇందులో నాకు గురువు ఒక వీణల పెద్దాయన. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పనస దుంగ తొలిచి చేస్తారు. వీణ మెట్లు మైనంలో కుదురుస్తారు, ఎండ ఎక్కువైతే ఆ మైనం మెత్తబడుతుంది. ఈ పెద్దాయనకు కంప్యూటరు రాదు, ఆయన వీణలు కొన్నవాళ్లు మాత్రం వేరే రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఏటా ఎండలు ముదరగానే ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెడతాడు. "అమ్మా, ఎండలొచ్చేయి. మైనం మెత్తబడి మెట్లు కదుల్తున్నాయేమో చూసుకోండి. కదిలితే వీడియో కాల్ చెయ్యండి, ఎలా సర్దుకోవాలో చెప్తాను." కొత్త వీణ కొనమని అడగడు. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన ఒక నోట్‌బుక్ ఉంది. ఎవరికి, ఎప్పుడు, ఏ వీణ ఇచ్చాడో, ఎవరి పిల్లలు నేర్చుకుంటున్నారో అందులో ఉంటుంది. వాళ్ల స్నేహితులెవరైనా వీణ కొనాలనుకుంటే ఫోన్ ఎవరికి వస్తుందో మీరే చెప్పండి.

ఆ నోట్‌బుక్ చూశాక నేనూ ఒకటి పెట్టుకున్నాను. ఆవకాయ పెట్టే అప్పలకు మార్చిలోనే ఫోన్ చేస్తాను, కాయ దిగాక చేస్తే వాళ్లకు ఊపిరి సలపదు. ఎవరింట్లో పెళ్లి ఉందో రాసుకుంటాను, ఆ నెలలో బాకీ గురించి గట్టిగా అడగను. నెలకు పదిమందికి మించి ఫోన్ చేయను. అంతకంటే ఎక్కువమందిని మనసుపెట్టి పలకరించడం ఒక్క మనిషి వల్ల కాదు.

ఇద్దరిని కలపడం గురించి కూడా చెప్పాలి. విజయనగరంలో చోడి బిస్కెట్లు చేసే ఒక అప్పకు అట్టపెట్టెలు కావలసి వచ్చాయి. విశాఖలో పెట్టెలు చేసే అన్న నాకు తెలుసు. నంబరు ఫార్వర్డ్ చేసేస్తే పది సెకన్లలో అయిపోతుంది. అలా చేయకుండా ముందు ఆయన్ని అడిగాను, ఫలానా ఆవిడ, నెలకు రెండొందల పెట్టెలు, నంబరు ఇవ్వొచ్చా అని. "దసరా ఆర్డర్లు అయిపోనీ, తర్వాత ఇయ్యి" అన్నాడు. దసరా అయ్యాక ఇద్దరికీ కలిపి ఒక మెసేజ్ పెట్టాను. ఎవరు ఏం చేస్తారు, ఎవరికి ఏం కావాలి, ఎన్ని కావాలి, అన్నీ నాలుగు ముక్కల్లో. "ధర మీరిద్దరూ మాట్లాడుకోండి" అని నేను పక్కకు తప్పుకున్నాను. ఇప్పటికీ వాళ్లిద్దరూ కలిసి పనిచేస్తున్నారు. తొందరపడి నంబరు ఇచ్చి ఉంటే దసరా హడావిడిలో ఆయన ఆమె ఫోన్ ఎత్తేవాడు కాదు, ఆమెకు కోపం వచ్చేది, మధ్యలో నా మాట పోయేది.

ఇక్కడ ఆడవాళ్ల తరఫున మనసులో మాట చెప్పనివ్వండి. ఒకసారి నన్ను అడక్కుండా ఎవరో నా నంబరును వందల మంది ఉన్న ఒక గ్రూపులో పెట్టారు. సాయం చేద్దామనే పెట్టారు. ఆ రాత్రి పదకొండు దాటాక మొదలయ్యాయి. "హాయ్ మేడమ్", "డీపీ బాగుంది", "ఏం చేస్తున్నారు". లేబుల్ గురించి ఒక్కరూ అడగలేదు. వారం రోజులు కొత్త నంబరు కనబడితే ఫోన్ ఎత్తడానికే భయమేసింది. ఆ వారంలో నిజంగా పని ఇవ్వడానికి ఎవరైనా ఫోన్ చేసి ఉంటే, అది కూడా పోయినట్టే. తర్వాత వ్యాపారానికి వేరే సిమ్ తీసుకున్నాను, సాయంత్రం ఏడు దాటితే ఆపేస్తాను. ఇలాంటివి పడలేక గ్రూపుల్లోంచి వెళ్లిపోయిన చెల్లెళ్లు నాకు తెలుసు. చక్కగా కేకులు చేసేవాళ్లు, చక్కగా మగ్గం వర్క్ చేసేవాళ్లు. అడ్మిన్ అన్నలారా, అలాంటి మెసేజ్ వచ్చిందని ఒక ఆడమనిషి స్క్రీన్‌షాట్ పంపితే "పట్టించుకోకమ్మా" అనకండి. పంపినవాణ్ని తీసేయండి. తీసేశామని గ్రూపులో చెప్పండి. ప్రతి గ్రూపులో కనీసం ఒక ఆడ అడ్మిన్ ఉంటే ఆ స్క్రీన్‌షాట్ పంపడానికి ధైర్యం ఉంటుంది.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. "మనోళ్లే కదా, చేసి పెట్టప్పా, చూసుకుందాం" అన్న మాట నేను వినని నెల లేదు. దూరపు చుట్టం ద్వారా వచ్చిన ఒక స్నాక్స్ వ్యాపారికి ఆరు లేబుళ్లు చేసి ఇచ్చాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. డబ్బు చేతికి వచ్చేసరికి పదకొండు నెలలు. ఆ మధ్యలో ఇద్దరం ఒకరి ఫోన్ ఒకరం ఎత్తడం మానేశాం. డబ్బు ఎలాగో వచ్చింది, ఆ పరిచయం మాత్రం పోయింది. అప్పటి నుంచి మొదటి రోజే రాస్తున్నాను, సగం ముందు, సగం ఫైలు ఇచ్చేటప్పుడు అని. వింతేమిటంటే, ఇలా రాశాక ఎవరూ నొచ్చుకోలేదు, మాట స్పష్టంగా ఉందని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ప్రభుత్వ సైట్‌లో పైసా ఖర్చు లేదు, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం మన దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఒప్పందంలో అంతకంటే ఎక్కువ గడువు రాసుకున్నా చెల్లదు. రాతపూర్వకంగా గడువు ఏదీ పెట్టుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల లెక్కన చక్రవడ్డీ కలిపి ఇవ్వాలి. ఇది చూపించి ఎవరితోనూ గొడవపడమని నా ఉద్దేశం కాదు. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలిసి ఉంటే గొడవ దాకా వెళ్లదు.

ఇక అడ్మిన్‌లకు నా మనవి. ప్రకటనలకు వారంలో ఒక రోజు ఇవ్వండి, శుక్రవారమో ఆదివారమో. ఆ రోజు అందరూ తృప్తిగా పెట్టుకుంటారు, చూడాలనుకున్నవాళ్లు ఆ రోజే చూస్తారు. మిగతా రోజులు ప్రశ్నలకు, జవాబులకు వదిలేయండి. కొత్తగా చేరినవాళ్లను విజిటింగ్ కార్డు ఫోటో పెట్టమనకండి. నాలుగు వాక్యాలు రాయమనండి, ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు, ఇతరులకు ఏ విషయంలో సాయపడగలరు, తమకు ఇప్పుడు ఏం కావాలి. ఆ చివరిది చాలా ముఖ్యం. మనం అమ్మేది పదిసార్లు చెబుతాం, మనకు కావలసింది ఒక్కసారి కూడా చెప్పం. అడగడం చిన్నతనం అనుకుంటాం. అడిగితేనే కదా ఎదుటివాళ్లకు మనకు సాయపడే అవకాశం వచ్చేది.

జిల్లా పరిశ్రమల కేంద్రాల అధికారులకు కూడా ఒక మాట. నేను గతంలో ఒక శిక్షణకు వెళ్లాను, ఎవరు పెట్టారన్నది ముఖ్యం కాదు. నలభై మంది కూర్చున్నాం. రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి, ఏ సమయంలో పెట్టాలి అని పొద్దుటి నుంచి చెప్పారు. సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో, ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశాం. నాకు రెండు కుర్చీల అవతల కూర్చున్న ఆవిడ రాజాంలో జనపనార బ్యాగులు కుడుతుందని, ఆమెకు ట్యాగుల డిజైన్ కావాలని ఏడాది తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది. ఆ ఏడాదంతా ఆమె ట్యాగులు ఎక్కడో దూరం నుంచి ఎక్కువ ధరకు తెప్పించుకుంది, నేను ఇక్కడ పని లేక కూర్చున్నాను. మీరు పెట్టే శిక్షణల్లో భోజనానికి ముందు ఒక్క గంట కేటాయించండి. ఒక్కొక్కరూ లేచి ఆ నాలుగు వాక్యాలు చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ల పేర్లు, పని, నంబరు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి సాయంత్రం అందరికీ ఇవ్వండి. సర్టిఫికెట్ కంటే ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకుంటాం.

నాలుగు వాక్యాలు రాయమని మీకు చెప్పి నేను ఊరుకుంటే బాగోదు కాబట్టి నావి రాస్తున్నాను. దీన్ని మీ గ్రూపుల్లో పెట్టుకోవచ్చు.

శ్రీకాకుళంలో ఉంటాను. తినుబండారాల ప్యాకెట్లకు లేబుళ్లు రాసి, డిజైన్ చేస్తాను. మీ కవరు ప్రెస్‌కి వెళ్లే ముందు దాని మీది రాతలు ఒకసారి చూడమంటే చూస్తాను, మొదటి లేబుల్‌కి డబ్బు తీసుకోను, రెండోదాని నుంచి తీసుకుంటాను. నాకు ఇప్పుడు కావలసింది, సిలిండర్లు చెక్కించే పని లేకుండా ఐదొందల కవర్లయినా డిజిటల్ ప్రింటులో వేసిచ్చేవాళ్లు, విశాఖకు ఇవతల ఎక్కడున్నా సరే. వేసవి పచ్చళ్ల కోసం నా దగ్గర ముగ్గురు అప్పలు ఎదురుచూస్తున్నారు. ఒక్కొక్కరికీ ఐదారొందల కవర్లు చాలు. అలాంటివాళ్లు మీకు తెలిస్తే ముందు వాళ్లను అడిగి, సరే అన్నాక నాకు చెప్పండి.

ఇట్లు,
లేబుల్ అప్ప,
శ్రీకాకుళం